డ్రైవరుతో మాట్లాడరాదు

జనంతో కిక్కిరిసిన సిటీ బస్సు రోడ్డు వారగా మళ్లీ ఆగింది. డ్రైవరు పక్కనే నిలబడ్డ డిపో మేనేజరు తల పట్టుకున్నాడు.

"మళ్లీ ఎందుకాపావయ్యా?"

"మీరు మాట్లాడారు కదా సార్. బండి నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడకూడదని, అదిగో, మీరే బోర్డు పెట్టించారు."

"పొద్దున్నుంచీ ఒక్క బస్సూ టైముకి చేరలేదు! దీనికంటే సమ్మె చేసుకోండయ్యా, దండం పెడతాను."

"సమ్మె చేస్తే ఉద్యోగాలు పీకేస్తామన్నారుగా. అందుకే మా యూనియనోళ్లందరం మీ రూల్సన్నీ బుద్ధిగా పాటిస్తున్నాం."

"వాటిని ఎవడు పాటించమన్నాడు? అవి గోడకు ఉంటాయంతే!"

"కాస్త గట్టిగా చెప్పండి సార్, వెనకవాళ్లు కూడా వింటారు."

"సర్లే, డ్యూటీ మధ్యలో గంట విశ్రాంతి, అంతేగా మీరడిగేది? దిగి మాట్లాడుకుందాం. తలుపు తియ్యి."

"స్టాపులో తప్ప తలుపు తియ్యకూడదు సార్."

"ఆ స్టాపు ఎప్పుడొస్తుందయ్యా బాబూ?"

"మీరు నోరు మూసుకోగానే వస్తుంది సార్. మాట్లాడదాం రండని మేం నెత్తీనోరూ కొట్టుకున్నా నెలల తరబడి మూసుకునే ఉన్నారుగా. వచ్చే స్టాపుదాకా ఉండలేరా?"