మోటారు మీద నెత్తురు చెయ్యి

ఈజిప్టు దేశపు సివా ఒయాసిస్‌లోని ఆలివ్ గానుగలో, కాలిపోయిన మోటారు మూత విప్పగానే గుప్పుమన్న మాడు కంపుకు, మోటార్లకు తీగ చుట్టే మేస్త్రీ ఉస్తా ముక్కు మూసుకున్నాడు. గానుగ యజమాని హాజీ పక్కనే నిలబడ్డాడు.

“ఎన్ని వోల్టులదో చూసే కలిపారా, హాజీ గారూ?”

“పాతది ఎలా ఉందో దీన్నీ అలాగే కలిపాం ఉస్తా. చూడ్డానికి రెండూ ఒకటేగా!”

“మోటారుకున్న ఈ రేకు మీద రాసుంటుందిగా. ఛీ, దీని మీద ఏమిటీ అట్టకట్టిన మురికి?”

“మురికనకు! కొత్త మోటారొచ్చిందని పొట్టేలును కోసి, ఆ నెత్తుటితో చెయ్యి అద్దాం. దిష్టి తగలకుండా.”

“మాంసం పేదలకు పంచారా?”

“పంచాం.”

“అల్లా చూసేది అదేగా! మరి నెత్తురు రేకుకెందుకు?”

ఉస్తా రేకు మీది నెత్తురును అసహ్యంగా గోటితో గీకాడు.

“చదవండి. తీగలు డెల్టాలో కలిపితే 220 వోల్టులు, స్టార్‌లో కలిపితే 380. మన లైను 380. మీరు కలిపింది డెల్టాలో. లోపలి తీగచుట్టలన్నీ బొగ్గయ్యాయి.”

“ఎప్పటికి బాగుచేస్తావు? ఊరందరి కాయలూ నా దగ్గరే గుట్టపడున్నాయి.”

“నాలుగు రోజులు.”

“రెండు రోజులకే పులిసిపోతాయయ్యా!”

“అడుగు బస్తాలు అప్పుడే కంపుకొడుతున్నాయి. ఇంతకీ ఎవరి దిష్టికి భయపడ్డారు?”

హాజీ గొంతు తగ్గించాడు.

“తూర్పు గానుగ నడిపే మా చిన్నాన్న కొడుకు జఘ్లూల్‌ది. వాడి చూపు మంచిది కాదు.”

“అయితే బస్తాలు బండికెక్కించండి. ఊళ్లో ఇప్పుడు తిరిగే గానుగ ఆయనదొక్కటే.”