అక్షరం మీద సూది పెట్టని పుష్పాబాయి

పుస్తకాలు బైండింగు చేసే ఏ మిషన్ తీసుకుంటె మంచిగుంటదని అడుగుతున్నవా నందిని టీచరమ్మా? కూసో బిడ్డా, ఆ స్టూలు ఇటు జరుపుకో, దానికి ఒక కాలు కుంటిది గని పడదు. సూర్యాపేటల ఇన్ని దుకాణాలుండంగ తిరుమలగిరి దిక్కు తండా నుంచి బస్సెక్కి నా కాడికే వచ్చినవంటె, మీ బడోళ్లెవరో చెప్పే ఉంటరు, కైలాసం సేటు ఉన్నది ఉన్నట్టు చెప్తడని. అయితె ఇను. గీ పెద్దది ఒక్కపారి ఇరవై కాయిదాలకు తూట్లు పొడుస్తదని డబ్బా మీద రాసి ఉంటది, నమ్మకు. పన్నెండు పెట్టు, లేకుంటె హ్యాండిల్ బిగుసుకుంటది. గా చిన్నది మీ పరీక్ష పేపర్లకు చాలు. గమ్ముతోటి అతికించేదొకటి ఉన్నది, సూడనీకి కొనుక్కొచ్చిన పుస్తకం లెక్కనే ఉంటది గని, పిల్లలు నాలుగుపార్లు తిప్పితె ఏ ఆకుకు ఆ ఆకు ఊడొస్తది. ఏదీ, నీ పిల్లలు రాసిన కాయిదాలేవి? ఇటియ్యి. ఊఁ... గిదా సంగతి. ఈ అంచు నుంచి ఆ అంచుదాక రాసిండ్రు, జర గూడ జాగ విడువలే. మీ బడి పిల్లలు అప్పుడు గిట్లనే, ఇప్పుడు గిట్లనే. నాకు పుష్పాబాయి యాదికొచ్చింది.

ఎవరా? మీ బడిల ఆయమ్మ. నువ్వప్పటికి పుట్టినవో లేదో. ఆమె పోయి గూడ ఇరవై ఏండ్లు దాటింది. మీ తండా ఆమెనే, అక్షరం ముక్క రాదు. వయసుల ఉన్నప్పుడు మిర్యాలగూడల మా బావమరిది రైసుమిల్లుల గోనెసంచులు కుట్టేది. మా బావమరిది గురించి మొదలువెడితె పొద్దుగూకుతది, గది ఇడిసిపెట్టు. ఆడికెల్లి తెచ్చుకున్న దబ్బనం ఒకటి ఎప్పుడు కొప్పుల చెక్కుకొని తిరిగేది. బడిల అప్పటి పెద్దసారు బాలాజీ, మంచి మనిషి. దసర సెలవుల ముందర పిల్లకొక కాయిదం ఇచ్చి, మీ ఇంట్ల పెద్దోళ్లు చెప్పిన ముచ్చట రాయుండ్రి అనేటోడు. ఒక్కటే కాయిదమాయె, ముచ్చట పెద్దదాయె, ఇగ కిక్కిరిసి రాసేటోళ్లు. అవన్ని కలిపి పుష్పాబాయి పుస్తకం కుట్టేది, తండా ఆడోళ్ల లంగాల మీద అద్దాలు కుట్టే ఎర్ర దారంతోటి. ఎట్ల కుట్టేదో ఎరికేనా? కాయిదం వెలుతురుకు పట్టి, "ఇక్కడ అక్షరం ఉన్నదా కొడకా? ఇక్కడ?" అని పిల్లలను అడుక్కుంట అడుక్కుంట, ఉన్నదంటె దబ్బనం పక్కకు జరిపేది. ఒక్క పుస్తకానికి మూడు రోజులు. బాలాజీ సారే చెప్పిండు నాకు, సదువు రాని మనిషి ఒక్క అక్షరం మీద గూడ సూది దింపలేదు కైలాసం అని. నేను సరే సరే అన్న. నాకప్పుడు గవన్ని పట్టలే.

గప్పుడే కోదాడ నుంచి ఒక ఏజెంటు వచ్చిండు. ఆయన మాట అంత ఆంధ్ర దిక్కు. "చూడండి కైలాసం గారూ, ఇలా నొక్కితే అయిపోద్దండీ, సూదీ వద్దు, దారమూ వద్దు!" ఆ మాటలకు నేను పడిపోయిన. మిషన్ దుకాణంల దించి బోర్డు గూడ రాయించిన. బాలాజీ సారుకు కబురు పంపి, ఈ ఏడు పుస్తకం నేను ఊకెనే చేసిస్త అన్న. ఆయన పుష్పాబాయి చేతికిచ్చి పంపిండు. ఇగ ఆమె ముందర పెద్ద మొనగాని లెక్క కాయిదాలు పెట్టి టకటక నొక్కి, తూట్లల్ల ప్లాస్టిక్ స్పైరల్ ఎక్కించిన. రెండు నిమిషాల్ల పుస్తకం. ఆమె పుస్తకం దిక్కు సూడనే లేదు. మిషన్ కిందికెల్లి, తూట్ల ముక్కలు పడే ట్రే గుంజింది. తెల్ల ముక్కల నడుమ అంత నీలం ఇంకు. "సేటు, గివి మా పిల్లల అక్షరాలు గద?" అన్నది. అవును బిడ్డా, వరుసకొక అక్షరం పోయింది. ఎడమ దిక్కు రాసుకున్న పేర్లు పోయినయ్. నేనేమన్ననో చెప్పాల్నా? "సదువే రాదు, అక్షరాల సంగతి నీకేం తెలుసు" అని నవ్విన. ఇప్పటికి తల్సుకుంటె సిగ్గైతది. ఆమె స్పైరల్‌ను చేతితోటే తిప్పి తిప్పి ఊడదీసింది. ట్రేల ముక్కలు ఒక్కటి కింద పడకుండ కొంగుల మూటగట్టింది. కాయిదాలు సంకల పెట్టుకొని బస్సెక్కింది.

పదిరోజులు నాకు మిషన్ ముట్టుకోబుద్ధి కాలే. గంతలనే ఆమె మల్ల వచ్చింది. కాయిదం కాయిదానికి ఎడమ అంచున రెండు వేళ్ల ఎడల్పు ఉత్త కాయిదం పట్టీ, గంజితోటి అతికించింది. సగం కాయిదం ఎనక, సగం బయటికి. తూట్లున్న కాడల్ల పోయిన అక్షరాలు పిల్లలతోటి మల్ల రాయించింది. "బయటి సగం నీ మిషన్‌కు సేటు, లోపలంత మా పిల్లలకు. ఇగ నొక్కు" అన్నది. నొక్కిన. మల్ల ట్రే గుంజి సూసింది, అంత తెలుపే. గప్పుడు నవ్వింది, నేను గూడ నవ్విన, ఇద్దరం పిచ్చోళ్ల లెక్క నవ్వినం. ఆ రోజు సంది నా దుకాణంల పట్టీ పెట్టందే ఎవ్వరి చేతిరాత మిషన్‌ల పెట్టలే. నువ్వు గూడ చిన్నదే కొనుక్కపో బిడ్డా, ముందు గంజి కాసుకో.

ఆ పుస్తకం మీ బడి బీరువల ఉంటది, పైఅరల దేవులాడు. ఆఖరి కాయిదం మీద "పుస్తకం చేసింది పుష్పాబాయి" అని పిల్లలు రాసిండ్రు. ఆ పేరు మట్టుకు, అక్షరం అక్షరం మీదికెల్లి ఎర్ర దారంతోటి కుట్టి ఉంటది. ఇదేందమ్మా, అక్షరం మీద సూది పెట్టవు గద అన్న. "నా పేరే గద సేటు. రాయనీకి రాదు, ఎట్లుంటదో చేతికైన తెల్వాలె" అన్నది.

...

ఆ ఫ్యాను బందు వెట్టు బిడ్డా, పిల్లల కాయిదాలు ఎగుర్తున్నయ్.