దుర్గక్క మీదికి రాని దేవుడు

ఏంది హనుమేషా, మీ అవ్వ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చె? సరే, సెకండ్ షిఫ్టు బస్సు వచ్చేకి ఇంకా టైముండాది, ఈడ కూర్చో. ఆ బండమీద కాదప్పా, కాలుతాది, నీడకు రా. మీ అవ్వ దుర్గక్క పోయేనాటికి నీకు ఊహ తెలీదు. నాకు బాగా తెలుసు, ఆయమ్మకూ నాకూ నడుమ గోడ ఒకటే అడ్డం. ముందర ఆయమ్మ మీదికి హులిగెమ్మ దేవత వస్తాండె. మంగళవారమయితే తెక్కలకోట జనం సగం మీ వాకిట్లోనే. చేతిలో నిమ్మకాయ పెడితే చాలు, మనిసి ఊగిపోతాండె. 'నీ ఎద్దు తూర్పు దిక్కు పోయింది, పో' అంటాండె. ఒకోసారి దొరుకుతాండె, ఒకోసారి లేదు. దొరకనోడు నోరు మూసుకుంటాడు, దొరికినోడే ఊరంతా చాటుతాడు, అంతే కదప్పా. మీ తాత సచ్చినంక, వలసొచ్చిన రైతుల క్యాంపులోంచి మాణిక్యం అని పాస్టరొకాయన సైకిల్ మీద వస్తాండె. కోస్తా మనిషి, మాట మెత్తన. 'దుర్గమ్మా, ప్రభువు ఆత్మ నీలోనే కాపురముంటుందమ్మా. వచ్చిపోయే చుట్టం కాదు' అనేవాడు. ఆ మాట ఆయమ్మకు యాడ తగిలెనో, బాప్తిస్మం తీసుకొనె. నిమ్మకాయ ముట్టేది నిలిపె. 'ఏం దుర్గక్కా, కొత్త స్వామి ఊపడా?' అని నేనే ఎగతాళి చేస్తాంటి. 'అమ్మ వస్తాండె, పోతాండె మహాదేవీ. పోయినంక ఒళ్లంతా పుండు, మళ్లా ఒంటిదాన్నే. ఈయన యాడికీ పోడు' అంటాండె. మాకేం అర్థమయితాది? దేవుడంటే మీదికి రావల్ల, అడిగింది చెప్పల్ల, పోవల్ల. సుమ్మనే, ఊరికే లోపల కూర్చునేటోడు ఏం దేవుడు?

ఆ వానాకాలం మీ నాయన యల్లేషు సండూరు కొండల్లో గనికి పోతాండె. చిన్న గని, కాంట్రాక్టరు ఎవురో బయటోడు. తవ్విపోసిన మట్టిగుట్ట వానకు నాని జారె. తక్కినోళ్లు బయటపడిరి, మీ నాయన కనపడలేదు. గుట్ట చూస్తే ఊరంత, మిషనేమో ఒక్కటే. యాడని తవ్వల్ల? మీ అవ్వను పిలుచుకపోయి మట్టిముందర కూర్చోబెడితిమి. మీ చిన్నతాత కనకప్ప చేతిలో నిమ్మకాయ పెట్టి, 'ఏ దేవుడయినా సరే వదినా, పిలువు. వాడు యాడుండాడో చెప్తే చాలు' అనె. మీ అమ్మ కావేరి నిన్ను చంకనేసుకోని కాళ్లమీద పడె. 'అత్తా, ఎవురెవురి ఎద్దులో చెప్తివి, నీ కొడుకు యాడుండాడో చెప్పలేవా?' ఆయమ్మ కండ్లు మూసుకొనె. మేమంతా చూస్తాండాం. ఊగలేదు. ఏదో ఒక దిక్కుకు చెయ్యి చూపించింటే అంతా నమ్ముతుంటిమి. చూపలేదు. నిమ్మకాయ కింద పెట్టి, 'ఆయన నా తావ ఉండాడు. వాని తావా ఉండాడు. యాడనేది నాకు చెప్పలేదు' అనె. 'ఉండి ఏం లాభం?' అనె మీ అమ్మ. ఆయమ్మ వంగి, వట్టి చేతులతో మట్టి తోడేకి మొదలుపెట్టె.

మళ్లా వాన పట్టె, మిషను నిలిపిరి. మీ నాయన ఆ మట్టిలోనే ఉండిపాయె. మీ అమ్మ మీ అవ్వతో మాట నిలిపె. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, మాట లేదు. పాస్టరు వచ్చి 'అంతా దేవుని చిత్తం' అనబోతే, 'ఆ మాట నా వాకిట్లో వద్దయ్యా' అని పంపించింది మీ అవ్వే. అట్లని ఆ దేవుణ్ణి విడిచిందా అంటే, లేదు. పొద్దున్నే వాకిలి అరుగు కట్టమీద కూర్చుంటాండె, పెదవి కదిలేది కాదు. ఒక దినం మీ అమ్మకు తట్టుకునేకి కాలేదు. 'ఏం అడుగుతాండావు నీ దేవుణ్ణి?' అని అరిసె. గోడ ఇవతల నేనుండా, అంతా వింటి, చూస్తి. 'ఏమీ అడగలేదు. ఆయనా మాట్లాడేది లేదు. ఇద్దరమూ కూర్చోనుండాం' అనె మీ అవ్వ. మీ అమ్మ బియ్యం చేట యాడిదాడ వదిలి, పోయి ఆయమ్మ పక్కన కూర్చొనె. అంతే.

మీ అమ్మ చర్చికి పోదు, గుడికీ పోదు, నీకు తెలుసు కదా. మీ అవ్వ మాదిరే పొద్దున్నే ఆ కట్టమీద కూర్చుంటాదే, ఎప్పుడయినా సరిగ్గా చూస్తివా? నడుమ కూర్చోదు. ఒక అంచుకు జరిగి, పక్కన జాగా వదిలి కూర్చుంటాది. ఎందుకని…

అదో, మీ బస్సు. టిఫిను డబ్బా తీసుకో, ఆడే పెట్టి మర్చిపోతాండావు.