తెర మీద డెబ్బై నాలుగు

అల్మాస్‌గూడలో సోమమ్మ పోయి పన్నెండో రోజు. ఖాళీ మంచం పక్కన ఆమె కూతురు స్వర్ణలత, కొడుకు కమలాకర్. కమలాకర్‌కు కూర్చోబుద్ధి కావడం లేదు.

“ఆ రోజు నేనొచ్చేసరికి అమ్మ చెయ్యి చల్లగున్నది అన్నా. మంచం పక్కన నువ్వు పెట్టిన నీ డబ్బా మాత్రం పల్సు డెబ్బై నాలుగు అని చూపెడుతున్నది. ఎట్ల?”

“ఎన్నిసార్లడుగుతవ్ లతా?”

“నువ్వు చెప్పేదాంక. తయారుచేసినోడివి నువ్వే గదా.”

“కెర్నల్ల తప్పు, అంటే డబ్బాను నడిపించే ప్రోగ్రాముల. నీకర్థం కాదు.”

“పదో తరగతికి సైన్సు చెప్తున్న. నాకర్థమైతది. చెప్పు.”

“వేలి క్లిప్పు కొత్త నంబరును మెమరీల రాస్తది. ప్రాసెసర్ అంతదూరం పోదు. దాని పక్కనే కాష్ అని చిన్న జాగా. అండ్ల పాత నకలుంటే అదే చదువుకుంటది.”

“పాతది పారేసి మళ్ళ చూడమని చెప్పరా?”

“చెప్పాలె. ఒక్క లైను రాయాలె.”

“మరి?”

“ఆఫీసుల తన్మయి అని కొత్తమ్మాయి. అమ్మ పోయే ముందురోజు కోడుల ఒక లైను తీసేసింది. ఆ కోడే డబ్బాలకు ఎక్కించినం.”

“ఆ లైనేనా తీసింది?”

“కాదు... అది ఉత్త ప్రింటు లైను. చదివిన ప్రతి నంబరును లాగ్ అనే చిట్టాల రాసేది.”

“దానికీ దీనికీ ఏం సంబంధం?”

“అది నడిస్తే కాష్ నిండిపోయి పాత నకలు దానంతటదే బయటపడేది. తీసేసినంక అండ్లనే ఉండిపోయింది.”

“అంటే అసలు లైను ముందునుంచే లేదు. ఎవరు తీసిండ్రు?”

“జర చాయ్ పెట్టరాదు.”

“అన్నా.”

“నేనే. తెర ఆగాగి కదులుతున్నదని తీసిన. ప్రింటు ఉన్నన్నాళ్ళు మంచిగనే నడిచింది. నడుస్తున్నది గదా అని ఊకున్న.”

“అమ్మ నిన్ను పిలిచిందా ఆ రోజు?”

“ఆయాసమన్నది. డబ్బా దిక్కు చూసిన. డెబ్బై నాలుగు. పండుకో అమ్మా అని ఎల్బీనగర్ పోయిన.”

“చెయ్యి పట్టుకొని చూడలే.”

“చూడలే.”

“ఆ పిల్ల ఏమంటున్నది?”

“రోజూ ఫోన్ చేస్తున్నది. నావల్లనేనా సార్ అని మెసేజులు. నేను ఎత్తుతలేను.”

“థూ! తప్పు నాదే అని ఆ పిల్లకు ఒక్క మాట చెప్పనీకి ఇన్ని రోజులా? ... మళ్ళ ఎందుకు లేస్తవ్? కూసో. ఇంకేమున్నదో అది కూడ చెప్పు.”

“పెద్ద అంబర్‌పేట్‌ల అంతయ్య మామ మంచం పక్కన ఇసొంటి డబ్బానే ఉన్నది లతా. అదే కోడు. దాన్ని నమ్మకుండ్రి అని వాళ్ళకింకా చెప్పలే.”