వెనక రెండు బోల్టులు

ఇంటి వెనక షెడ్డులో ఒకే మోడలు కార్లు రెండు. ఒకటి ప్రమాదంలో ముందుభాగం నుజ్జయింది. దాని సామాన్లు విప్పి, రంగు వేసి ఉంచిన రెండోదానికి బిగిస్తున్నారు. నుజ్జయిన కారులో దూరి ఉన్నది సీటు కవర్లు కుట్టే బామ్మర్ది. బయట నిలబడ్డది డ్రైవింగ్ స్కూలు నడిపే బావ.

"ఆ సీటు నిన్నెవడు ముట్టుకోమన్నాడురా?"

"ఎవడో ఎందుకంటాడు బావా, అక్కే అంది. డ్రైవరు సీటు ఇంకెవరిచేతా విప్పించొద్దు, నువ్వే విప్పు తమ్ముడూ అని నిన్న ఫోన్ చేసి మరీ చెప్పింది."

"మీ అక్కకేం తెలుసు సీట్ల సంగతి. పక్క సీటు, వెనక సీటు చాలు. ఇది వదిలేయ్. రేపు డొక్కుతో పాటు తుక్కువాడు పట్టుకుపోతాడు."

"ఇంజను తీశావు, గేరుబాక్సు తీశావు, డోర్లు తీశావు, ఆఖరికి అద్దం తుడిచే పుల్లలు కూడా వదల్లేదు. సీటొక్కటే చేదయిందా? కొత్త బండిలో పీటేసుకుని కూర్చుంటావా?"

"వేరేది చూసుకుంటాలే."

"ఈ మోడలు సీటు ఇప్పుడెక్కడ దొరుకుతుంది? ఫోము చూడు, అణగను కూడా లేదు. కవరు మారిస్తే..."

"వద్దన్నానా. దాని మీద రక్తం ఉంది."

"రక్తం పక్క సీటు మీదుంది బావా. అత్తయ్యగారు కూర్చున్నది అక్కడేగా. దాన్నేమో కుట్టమన్నావు. దీని మీద మరకే లేదు."

"అమ్మని గుర్తు చేశావు."

"సరే, ఎంతసేపు, అయిపోవచ్చింది. ముందు రెండు బోల్టులూ ఊడాయి. వెనకవి రెండూ అందట్లేదు. సీటు ముందుకి జరిపితే గానీ పానా దూరదు. జరిపితే జరగట్లేదు."

"జరక్కపోతే వదిలేయ్."

"తుప్పేమో అనుకున్నా. తుప్పు కాదు. దెబ్బకి సీటు జరిగే కింద రైలు పట్టీ వంగిపోయింది. కొక్కెం పళ్ళల్లో బిగుసుకుపోయింది. గుద్దుకున్నప్పుడు సీటు ఎక్కడుందో అక్కడే ఉండిపోయింది."

"ఉండనీ."

"ఎక్కడుండిపోయిందో చూశావా?"

"ఆ చీకట్లో ఏం కనపడి చస్తుంది. బయటికి రా, టీ తాగుదాం."

"టార్చి వేశాలే. చిట్టచివర ఉంది బావా. ఆఖరి పన్ను. ఇంకాస్త వెనక్కి జరపాలన్నా చోటు లేదు."

"అయితే?"

"అక్క ఎంత ఎత్తుంటుంది బావా?"

"నన్నడుగుతావేంట్రా, నీ అక్కేగా."

"అందుకే అడుగుతున్నా. అటక మీద డబ్బా కావాలంటే నన్ను భుజాల మీదకి ఎక్కించుకునేది. మా ఇంట్లో కుర్చీలో కూర్చుంటే ఇప్పటికీ కాళ్ళు ఊగుతుంటాయి. ఆ రోజు అక్కే నడిపిందన్నావుగా, ఈ సీట్లో కూర్చుంటే అక్క కాలు క్లచ్చు దాకా వెళ్తుందా?"

"బండి లాక్కొచ్చినవాడు జరిపుంటాడు."

"వంగిపోయిన రైలు మీద ఎవడు జరుపుతాడు? నేను రెండు కాళ్ళతో తన్నినా కదలట్లేదు."

"అయితే తనే జరుపుకుందేమో. హడావిడిగా ఎక్కింది ఆ రోజు."

"నీ స్కూల్లో మొదటి పాఠం ఏంటి బావా?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పు. నాకూ నువ్వేగా నేర్పావు. తాళం చేతికివ్వక ముందే ఏమంటావు?"

"విసిగించకురా."

"ముందు సీటు సరిచేసుకో, సీటు కుదరకపోతే బండి నీ మాట వినదు. చెవులు చిల్లులు పడేలా చెప్తావు. అలాంటివాడివి కాళ్ళందని సీట్లో పెళ్ళాన్ని కూర్చోబెట్టావా? పైగా పక్కన కూర్చోకుండా వెనక సీట్లో కూర్చుని బండి నేర్పే మాస్టారివి నువ్వొక్కడివే."

"అమ్మకి వెనక కూర్చుంటే తిప్పుతుంది, అందుకని ముందు కూర్చుంది. మీ అక్క నేను నడుపుతా, నేను నడుపుతా అని గోల పెట్టింది, ఇచ్చాను. ఎన్నిసార్లు చెప్పాలి?"

"అందరికీ అదే చెప్పావులే. అది నడిపింది, మా అమ్మ పోయింది, అయినా నేనేమీ అనుకోలేదు అని. జనమంతా నిన్ను దేవుడన్నారు. నేనూ అన్నాను. సిగ్గు లేకుండా నేనూ అన్నాను."

"గొంతు తగ్గించు. వంటింట్లో ఉంది."

"నువ్వే నడిపావు."

"తగ్గించమన్నానా."

"నువ్వే నడిపావు బావా."

"కునుకు పట్టిందిరా. రెప్ప పడింది, తెరిచేసరికి ఎదురుగా లారీ వెనక భాగం. అమ్మ అరవను కూడా లేదు. మీ అక్క వెనక సీట్లోంచి వచ్చి ముందు పడింది, స్పృహ లేదు. బయటికి లాగి పడుకోబెట్టాను. జనం చేరి ఎవరు నడిపారు, ఎవరు నడిపారు అంటుంటే... నోట్లోంచి అలా వచ్చేసింది."

"అప్పుడు వచ్చేసింది, సరే. అక్కకి తెలివొచ్చాక?"

"ఏమీ గుర్తు లేదంది. నేనేం చేశానండీ అని తనే అడిగింది. అడిగేసరికి... బండి నేర్పేవాడు నిద్రపోయి తల్లిని చంపుకున్నాడంటే ఇక స్కూలుంటుందా? లైసెన్సుంటుందా?"

"అందుకని అక్క మీద పడేశావు."

"తనకేం తక్కువ చేశాను? ఈ రోజుకీ ఒక్క మాటన్నానా?"

"అనకుండానే చంపుతున్నావు. మీ చెల్లెలు గుమ్మం తొక్కనివ్వదు. నీ కూతురు తల్లి పక్కన పడుకోవడం మానేసింది. మొన్న అక్క మా ఇంటికొచ్చి సాయంత్రం దాకా గోడకేసి చూస్తూ కూర్చుంది. పద లోపలికి. ఇప్పుడే చెప్పు."

"చెప్తే ఏమవుతుందో ఆలోచించావా? నేను జైలుకి, స్కూలు మూత. మా బళ్ళ సీట్లన్నీ కుట్టేది నువ్వేగా, నీ కొట్టూ అంతే. అది పోనీ. పిల్ల?"

"పిల్ల ఇప్పుడేమనుకుంటోంది? అమ్మే నాన్నమ్మని చంపిందనుకుంటోంది."

"రేపు నాన్న చంపాడనుకుంటుంది. చంపి, అమ్మ మీదకి తోశాడనుకుంటుంది. ఇక దానికి ఎవరు మిగిలారు చెప్పు. మీ అక్క ఇప్పుడిప్పుడే నాలుగు ముద్దలు తింటోంది, మళ్ళీ కెలుకుతావా? నీ కాళ్ళు పట్టుకుంటారా."

"ఛ, లే. లే బావా. ఎవరైనా చూస్తే బాగోదు."

"ఎవరికీ చెప్పనని మాటివ్వు."

"నన్నిందులోకి లాగకు."

"నేను లాగానా? ముట్టుకోవద్దు మొర్రో అంటుంటే నువ్వే దూరావు. అదిగో ఇనుము కోసే గ్రైండరు. రైలు కోసేయ్, సీటు పీకి అవతల పారేయ్. రేపు తుక్కువాడు పట్టుకుపోతే ఇక ఎవరికీ ఏ బాధా ఉండదు. తన మంచికేరా."

"అక్క మంచికి."

"అవును. పిల్ల మంచికి. నీ మంచికి కూడా."

"నా సంగతి ఎత్తకు."

"ఎత్తనులే. కానివ్వు."

"...ఆ వైరు ఇటివ్వు. ప్లగ్గు పెట్టు."

"ఆగండి, ఆ మిషను పెట్టకండి. ముందు టీ తాగండి. తమ్ముడూ, నువ్వూ బయటికొచ్చి గ్లాసు అందుకో."

"నువ్వెందుకొచ్చావు? అక్కడ పెట్టి వెళ్ళు. ఇక్కడంతా ఇనప ముక్కలు, కాల్లో దిగుతాయి."

"వెళ్తానండీ. డ్రైవరు సీటు విప్పావా తమ్ముడూ?"

"విప్పుతున్నా అక్కా."

"ముందుకి జరిగిందా?"

"ఏంటది?"

"సీటురా. ముందుకి జరిగిందా?"

"ఆ... జరిగింది."

"వెనక రెండు బోల్టులూ?"

"ఊడాయక్కా. కాస్త తుప్పు పట్టాయంతే. తుప్పు."

"విన్నావుగా. ఇక నువ్వు లోపలికి నడు."

"మీరుండండి. తమ్ముడూ, ఇటు తిరిగి చెప్పు."

"చెప్పానుగా అక్కా. జరిగింది."

"చేతిలో ఆ గ్రైండరెందుకు మరి?"

"ఊరికే."

"అది జరగదురా. మొన్న ఈయన స్కూలుకెళ్ళాక నేనూ లాగి చూశాను. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన కొత్తలోనే నాకన్నీ గుర్తొచ్చాయి. ఆ సీట్లో ఎవరున్నారో, నేనెక్కడున్నానో, అన్నీ."

"ఏంటి నువ్వనేది? ఇన్నాళ్ళూ మరి..."

"మీరే చెప్తారని ఎదురుచూశానండీ. చెప్పరని అర్థమైంది. నేను చెప్తే ఎవరూ నమ్మరనీ అర్థమైంది. ఒక్కరు కళ్ళారా చూస్తే చాలనుకున్నాను. ఎవరున్నా లేకపోయినా నా తమ్ముడు నా పక్కన నిలబడతాడులే అనే, నిన్ను విప్పమన్నానురా."