పేరిందేవి ఓడిపోయిన పుస్తకం

అబ్బే, గుమ్మంలో వాళ్ళని నేనేం ఉసిగొల్పలేదండీ జానకిరామ్ గారూ! కూర్చోండి ముందు. ఆ కుర్చీ వద్దు, దానికో కాలు పొట్టి. ఇదిగో, దీంట్లో.

సభకింకా బోలెడు టైముందండి. గ్రంథాలయ వారోత్సవాలంటే మా రామచంద్రపురంలో పదిన్నర అని కార్డులో వేస్తాం, పదకొండున్నరకి జనం వస్తారు. రచయితొచ్చినా అంతే, కలెక్టరొచ్చినా అంతే.

ఏంటీ? గుమ్మంలో ఒకాయన చెయ్యి పట్టుకుని "చంపేశారండీ" అన్నాడా? రెండడుగులు వేశాక ఇంకొకాయనా "చంపేశారండీ" అన్నాడా? మొదటిది మెచ్చుకోలు. రెండోది తిట్టు. కలిపి పుచ్చేసుకోకండి.

మరి తిట్టరా సార్? ముప్పై పుస్తకాల్లో లాయర్ పేరిందేవి ముప్పై కేసులు గెలిచింది. మా వాళ్ళకి ఆ అలవాటు చేసింది మీరే కదా! తీరా ముప్పై ఒకటో దాంట్లో, మొగుడు కనపడకుండా పోయిన ఆడకూతురి కేసులో, దొంగసాక్షి ఒకడొచ్చి "వాడు బతికే ఉన్నాడు, నేను చూశాను" అంటే, ఈవిడ ఓడిపోయి, నల్లకోటు కుర్చీకి తగిలించి, ఇంటికెళ్ళి చిక్కుడుకాయ కూర వండుకుంటుందా? అది రాసేటప్పుడు మీకు ఒంట్లో బాగానే ఉందాండీ?

కోపం వద్దు. నా మాట కాదు, మండపేట నుంచి వచ్చే అచ్చిబాబు మాట. ట్రాక్టర్ మెకానిక్కు. బస్టాండులో కొనుక్కుని చదివాడు. "ఇంక ఆవిడ మొహం చూడను ప్రిస్కిల్లా గారూ" అన్నాడు, పెళ్ళాం పుట్టింటికెళ్ళిపోయినంత బాధగా.

మా రిటైర్డ్ హెడ్మాస్టారు జగన్నాథరావు గారేమో మన లైబ్రరీ కాపీ చదివారు. ఆయనకి చివర తెగ నచ్చేసింది. మధ్యలోనే పేచీ. "మన జడ్జిల చేతుల్లో సుత్తి ఎక్కడుందమ్మా? వడ్రంగి దుకాణమా? ఐపీసీ పోయి కొత్త చట్టం వస్తే ఈయనింకా మూడొందల రెండు దగ్గరే ఉన్నాడేంటి?" అని పెన్సిలుతో దిద్దేశారు. పెన్సిలే లెండి, చెరిపేస్తాను.

ఇద్దరూ ఈ బల్ల దగ్గరే పోట్లాడుకున్నారండి. "ఓడిపోయిన లాయరు నాకెందుకు?" అని అచ్చిబాబు. "ఓడిపోవడమేంటయ్యా, ఆ ఆఖరి ప్రశ్నతో సాక్షి నోరు మూయించింది కదా!" అని మాస్టారు. "మీరు పుస్తకం చదవలేదు" అంటే "నువ్వే చదవలేదు" అని. నేను వెనకాల బీరువా సర్దుతున్నట్టు నించున్నాను.

అవునండీ. మీరు రాయలేదు ఆ ప్రశ్న. నాకు తెలుసు. కాస్త మంచినీళ్ళు తాగండి, చెబుతాను.

నూకరత్నం అని ఒకావిడుందండి. సముద్రం పక్క ఊరు. పొద్దున్నే ఆటోలో చేపలు తెచ్చి, ఈ వీధులన్నీ తిరిగి అమ్మి, పదకొండింటికి ఖాళీ తట్ట మెట్ల దగ్గర బోర్లించి లోపలికొస్తుంది. మొదట్లో పేపరు చదివే పెద్దమనుషులు ముక్కులు మూసుకున్నారు. "నీసు కంపండీ మేడమ్" అన్నారు. "మధ్యాహ్నం ఆ పులుసే లొట్టలేసుకుంటూ తింటారుగా" అన్నాను. అంతే, మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అయిదో క్లాసు చదువు. అక్షరం మీద వేలు పెట్టుకుని, పెదాలు కదుపుకుంటూ చదువుతుంది. మీ ముప్పై పుస్తకాలూ అలాగే చదివింది సార్! ఎందుకంటే ఆవిడకీ ఒక కేసుంది.

మొగుడు పోతురాజు ఏడేళ్ళ కిందట ఎవరి బోటు మీదో ఒడిశా వైపు వేటకెళ్ళాడు. బోటొచ్చింది, మనిషి రాలేదు. సముద్రంలో పడిపోయాడన్నారు. శవం లేదు. ఇంటి దగ్గరున్న సొంత బోటేమో మరిది సురేష్‌బాబు చేతిలో పడింది. అది ఈవిడ పేరు మీదకి రావాలంటే మొగుడు చనిపోయాడని కోర్టు చెప్పాలి. ఆ సురేష్‌బాబు, "మా అన్న బతికే ఉన్నాడు, పారాదీప్‌లో చూసినోడు ఉన్నాడు" అని ఒక సాక్షిని పట్టుకొస్తానన్నాడు.

చూశారా? అచ్చంగా మీ కథే. మీకెవరు చెప్పారో ఏమో గానీ, ఆ పుస్తకం రాగానే రిజిస్టరు రాత పని మానేసి ఏకబిగిన చదివాను. చివరికొచ్చేసరికి పేరిందేవి ఓడిపోయింది. సాక్షి వచ్చే వాయిదా ఇంకా ఎనిమిది రోజులుంది. నూకరత్నం ఆ కుర్చీలోనే కూర్చుని, "పేరిందేవమ్మ ఈసారి ఏం చేత్తాదో సూసి, నేనూ అదే చేత్తానండి అమ్మగోరూ" అంటుంది.

ఏం చెయ్యమంటారు? చిక్కుడుకాయ కూర వండుకోమననా?

చింపేశాను సార్. ఆఖరి తొమ్మిది పేజీలు. నా తరఫున నేను తొమ్మిది రాసి, డీటీపీ షాపులో మీ అక్షరాల సైజులోనే కొట్టించి, జిగురు పెట్టి అంటించి, నూకరత్నం చేతిలో పెట్టాను. ముప్పై ఏళ్ళు పుస్తకాలు అతికించిన చెయ్యి. మీరు చూసినా పోల్చలేరు.

నా ముగింపులో పేరిందేవి ఒక్క ప్రశ్నే అడుగుతుంది. "ఆయన్ని చూశానంటున్నావు, మాట్లాడానంటున్నావు. ఆయన భార్యని ముద్దుగా ఏమని పిలిచేవాడో చెప్పు!" సాక్షి నీళ్ళు నములుతాడు. కేసు గెలిచేస్తుంది. లా ప్రకారం నిలబడదండీ, నాకూ తెలుసు. కానీ చదువుతుంటే ఊపొస్తుంది.

వాయిదా నాడు నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. నూకరత్నం లాయరు కాకినాడలో ఉన్నాడట. ఎప్పుడూ అంతే. జడ్జిగారు విసుక్కుని, "ఏమ్మా, నువ్వే ఏమన్నా అడుగుతావా?" అన్నారు.

లేచింది సార్. కొంగు బిగించి, మన పేరిందేవిలాగే నడుం మీద చెయ్యేసుకుని అడిగింది. "పోతురాజుతో మాటాడేనన్నావు కదా! నన్ను ముద్దుగా ఏమని పిలిసేవోడో సెప్పు!"

కోర్టంతా నవ్వు. నేనైతే బెంచీ మీద ఎగిరి కూర్చున్నాను.

సాక్షి బుర్ర గోక్కున్నాడు. "నిన్నేమని పిలిసేవోడో నాకేటి తెలుసమ్మా? పారాదీప్‌లో ఆడుండే ఇంటికాడ మూడేళ్ళ ఆడపిల్లొకత్తి ఉంది. దాన్ని మాత్రం సందువా, సందువా అని పిలుత్తున్నాడు."

ఆవిడ కూర్చుండిపోయింది.

చందువా అంటే చేప సార్. తెల్లగా, గుండ్రంగా మెరుస్తుంది. పోతురాజు తలుపేసుకున్నాకే ఆవిడ్ని అలా పిలిచేవాడట. తమ్ముడికి కూడా తెలీదు.

దొంగసాక్షి కాదండీ వాడు. నిజంగానే చూశాడు.

బయటికొచ్చాక, కోర్టు వరండాలో, అందరూ చూస్తుండగానే మెళ్ళో పుస్తెలు తీసి కొంగున ముడేసుకుంది. నేను అయ్యో అన్నాను. "పోయాడంటే నమ్మబుద్ది కాక ఏడేళ్ళు ఉంచుకున్నానండి. ఉన్నాడంటగా. ఇంకెందుకు?" అంది. కన్నీటి చుక్క లేదు. ఆ రోజు ఏడ్చింది నేను.

కేసు పోయింది. బోటు మరిది దగ్గరే ఉంది. ఇప్పుడు వెంకటదుర్గ అని కొత్త లాయర్ని పెట్టుకుని, ఆ బతికున్నోడి మీదే కేసు వేసింది. ఈ అమ్మాయి వాయిదాలకి వస్తుంది, అదొక్కటే నయం.

ఆ వాయిదా అయిన వారానికి నూకరత్నం తట్ట దింపుకుని వస్తే, తలుపు దగ్గరికి వేసి, చేసిన పని మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కొడితే పడదామనుకున్నాను. "అసలు పేజీలున్నాయా?" అంది. ఉన్నాయి, నా బైబిల్లోనే పెట్టాను. ఇచ్చాను. వేలు పెట్టుకుని తొమ్మిదీ చదివింది. గంటన్నర పట్టింది.

ఏమందో చెప్పనా? మీరు నొచ్చుకోకూడదు మరి. "ఇదీ బాగోలేదండి. ఓడిపోయినావిడ ఇంటికెళ్ళి కూరొండుకుని తొంగుంటే, తెల్లారి తట్టెవరెత్తుతారు?" అంది. నా ముగింపు గురించి మాత్రం ఒక్క ముక్క అనలేదు. అంటే బాగుండేది.

అలా చూడకండి సార్. ఆ పేజీలు పీకేద్దామని బ్లేడు రెండుసార్లు తీశాను. ప్రభువు సాక్షిగా తీశాను.

ఇంతలో జగన్నాథరావు గారొచ్చి, "ఆ ఆఖరి ప్రశ్న ఉంది చూడమ్మా, ముప్పై ఒక్క పుస్తకాల్లోకీ అదే గొప్ప!" అన్నారు. బ్లేడు సొరుగులో పెట్టేశాను.

ఇవాళ సభలో ఆయన దాని గురించే మాట్లాడతారు. మీరు దండం పెట్టి ఊరుకోండి, చాలు.