వెలగనివి

మధ్యాహ్నం రెండు దాటింది. ల్యాబులో అందరూ భోజనాలకు పోయారు. మిగిలింది ఇద్దరే: మూడింటికి థీసిస్ మీద గైడు సంతకం పెట్టించుకోవలసిన అమ్మాయి, ఇరవై రెండేళ్లుగా అక్కడ గాజుసామాను కడుగుతున్న పెద్దాయన.

"పారేశానన్నానుగా అమ్మాయ్! ఎన్నిసార్లు అడుగుతావు?"

"ఎక్కడ పారేశావు బాబాయ్?"

"ఎక్కడేమిటి? చెత్తని చెత్తలోనే పారేస్తారు. శుక్రవారం వచ్చిందంటే చాలు, 'వెలిగినవి ఉంచు, వెలగక నల్లమూత పెట్టినవి తీసెయ్' అని నువ్వేగా చెప్పేదానివి. నీకు ముందున్నవాళ్లూ అదే చెప్పారు. ఈ ల్యాబు పుట్టినప్పట్నుంచీ అదే ఆచారం."

"నా నోరు పడిపోను! నాలుగేళ్ల కణాల గొట్టాలు బాబాయ్. నాలుగేళ్లవి!"

"వెలగనివాటి కోసం ఇప్పుడీ ఏడుపేంటి? థీసిస్‌లో అరవై ఫొటోలు పెట్టావు. ఒక్కోటీ పచ్చగా మెరిసిపోతోంది. మీ గైడు సారు కూడా మెచ్చుకున్నారు."

"అవే తప్పు."

"ఏవి?"

"అరవైకి అరవై."

"ఊరుకో. పొద్దున ఏమన్నా తిన్నావా? ఖాళీ కడుపుకి పైత్యం నెత్తికెక్కుతుంది."

"తిన్నాను."

"ఏం తిన్నావు?"

"బాబాయ్! చెప్పేది విను. కణం చుట్టూ పొర ఉంటుంది కదా. ఆ పొరలో గుమ్మం ఉంటుంది. గుమ్మమంటే మన గుమ్మంలా కాదు, సూది బెజ్జమంత. ప్రొటీను లోపల తయారయ్యేటప్పుడు పొడుగాటి దారం. దారం దారంగానే ఆ బెజ్జంలో దూరి, అవతలికి పోయాక అక్కడ ముడుచుకుని తన ఆకారానికి రావాలి."

"తొందరపడి లోపలే ముడుచుకుంటే?"

"ఉండ కట్టిన దారం సూదిలోకి ఎక్కుతుందా?"

"ఎక్కదు. మీ పిన్నిని అడుగు, అరగంట తిడుతుంది."

"అదే. గుమ్మం దగ్గరే ఇరుక్కుపోతుంది. ఇప్పుడేమో, ఆ ప్రొటీను ఎక్కడుందో కనిపించాలని సారు దాని చివర ఒక పచ్చదీపం కట్టారు. ఆ దీపమూ ప్రొటీనే. సరిగ్గా ముడుచుకుంటేనే వెలుగుతుంది."

"తెలుసు తెలుసు. పొర చుట్టూ పచ్చగా వెలిగిందంటే దాటినట్టు. గోడమీది పెద్ద ఫొటో అదేగా, బహుమతి వచ్చింది. రోజూ అద్దం తుడిచేది నేనే, కింద బహుమతి తేదీ చెక్కిన ఇత్తడి రేకుతో సహా."

"దాటినట్టు కాదు బాబాయ్, దాటనట్టు! వెలిగిందంటే లోపలే ముడుచుకుందని. ముడుచుకున్నది బెజ్జంలో పట్టదు. గుమ్మానికి అడ్డంపడి, లోపలివైపే నిలబడి వెలుగుతోంది. దాన్ని చూసి మనం ఆహా దాటింది, ఓహో దాటింది అని చప్పట్లు కొట్టాం."

"మరి నిజంగా దాటినవి?"

"దారంగా అవతలికి పోయిన దీపం అక్కడ సరిగ్గా ముడుచుకోలేదు. వెలగదు."

"అంటే..."

"అంటే దాటినవన్నీ శుక్రవారం శుక్రవారం నీ చెత్తబుట్టలోకి పోయాయి."

"నా చెత్తబుట్టేమిటి? పారెయ్యమన్నది నువ్వు!"

"సరే, నా చెత్తబుట్ట. తృప్తేనా?"

"ఇంతింత చదువుకున్నవాళ్లు, ఇన్నేళ్లపాటు, ఒక్కరికీ అనుమానం రాలేదా?"

"కళ్లముందు వెలుగుతుంటే ఎవరికొస్తుంది?"

"నీకెలా వచ్చింది మరి?"

"నాకూ రాలేదు, నా పొరపాటు వల్ల తెలిసింది. పోయిన వారం ఒక నల్లమూత గొట్టం వెలిగినవాటిలో కలిసిపోయింది. చూసుకోకుండా దాన్నీ పరీక్షకు పెట్టాను. ప్రొటీను తల దగ్గర ఒక చీటీలాంటి ముక్క ఉంటుంది. గుమ్మం దాటాక దాన్ని అవతల కత్తిరించేస్తారు, సినిమాహాల్లో టికెట్ చింపినట్టు. వెలిగినవాటన్నిటికీ టికెట్ చెక్కుచెదరకుండా ఉంది. ఆ నల్లమూత దానికి లేదు."

"టికెట్ చిరిగిందంటే మనిషి హాల్లోకి పోయినట్టేగా."

"నీకర్థమైంది. కానీ ఒక్క గొట్టం చూపిస్తే ఎవరు నమ్ముతారు? పాతవి కావాలి. పదో, ఇరవయ్యో. అందుకే పొద్దున్నుంచీ నీ కాళ్లావేళ్లా పడుతున్నాను."

"సారుకి చెప్పావా?"

"ఏమని? 'సార్, మీ బహుమతి ఫొటోలో ఉన్నవి గుమ్మంలో ఇరుక్కుపోయినవి' అని చెప్పనా? ఈ ల్యాబు, ఆయన కుర్చీ, అన్నీ ఆ ఫొటో మీదే నిలబడ్డాయి. థీసిస్‌లో భయపడుతూ భయపడుతూ ఒక్క వాక్యం రాశాను, 'వెలగని కణాలను కూడా పరీక్షించవలసి ఉంది' అని. ఊదా సిరాతో అడ్డంగా కొట్టేసి పక్కన 'అనవసరం' అని రాశారు."

"ఆ ఊదా సిరా ఆయనొక్కరిదే. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వరు."

"మూడింటికి సంతకం. నోరు మూసుకుంటే డిగ్రీ. నోరు తెరిస్తే నాలుగేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరు. భయంగా ఉంది బాబాయ్. నిజంగా భయంగా ఉంది."

"మూసుకోవచ్చుగా మరి? నీ ముందువాళ్లంతా డిగ్రీలు పుచ్చుకుని హాయిగా పోలా?"

"వాళ్లకి తెలీదు. నాకు తెలిసిపోయిందిగా! తెలిసి తెలిసి అబద్ధం మీద సంతకం ఎలా పెట్టించుకోను?"

"మొండిఘటానివి."

"మొండిదాన్నే. అది సరే, ఇందాకట్నుంచీ ఆ ఫ్రీజరుకి వీపు ఆనించి కదలవేంటి?"

"నడుం నొప్పి."

"ఫ్రీజరుకి ఆనిస్తే తగ్గుతుందా?"

"చల్లగా ఉంటుంది."

"బాబాయ్."

"ఏమిటి?"

"అడుగు అర తాళం ఎవరి దగ్గరుంది?"

"అడుగు అరలో ఏముంది, పాత మంచుగడ్డలు..."

"బాబాయ్!"

"...పారెయ్యలేదమ్మాయ్."

"ఏంటీ?"

"ఒక్కటీ పారెయ్యలేదు. నీవీ, నీకు ముందున్నవాళ్లవీ. పారేశానని పుస్తకంలో రాశాను, అంతే. ఈ మాట బయటపెట్టావంటే నా ఉద్యోగం ఊడుతుంది."

"నీ నోట్లో పంచదార పొయ్య! మరి పొద్దున్నుంచీ నన్నెందుకు ఏడిపించావు?"

"తాళం తీస్తే అన్నీ కనిపిస్తాయిగా. కనిపించకూడనిది ఒకటుంది."

"ఏమిటది? అసలు ఎందుకు దాచావు? నీకిదంతా ముందే తెలుసా?"

"నాకేం తెలుసు తల్లీ, సీసాలు కడుక్కునేవాణ్ణి. సారుని చూసి చేశాను."

"సారుని చూసా?"

"నేను చేరిన కొత్తలో ఓ రోజు ఆయనే ఒక పెట్టె తెచ్చి ఆ అరలో పెట్టారు. తొంగిచూశాను, అన్నీ నల్లమూతలే. 'దీనిమీద చెయ్యి వెయ్యొద్దు, ఎవరికీ చెప్పొద్దు' అన్నారు. అంతటాయనే వెలగనివి దాచుకుంటుంటే, పారెయ్యడానికి నేనెవర్ని?"

"...ఆ పెట్టె ఏది?"

"చెప్పొద్దన్నారన్నానుగా."

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాను."

"అబ్బబ్బ, నీతో వేగలేను. ఇదిగో తాళం. అన్నిటికన్నా అడుగున ఉంది చూడు. చేతికి తొడుగేసుకో, చర్మం అంటుకుంటుంది. మూత నిండా మంచు పట్టింది, గీకు. ఏదో రాసుండాలి."

"...ఊదా సిరా."

"ఆయనదేగా మరి. ఏం రాశారు?"

"'వెలగనివే దాటాయి.' కింద రెండు గీతలు."

"ఇంకేం లేదా?"

"తేదీ ఉంది బాబాయ్. ఆ ఇత్తడి రేకు మీదున్న తేదీకి సరిగ్గా వారం ముందుది."

"అయ్యో నా పిచ్చితల్లీ! అయితే మూడింటికి నువ్వాయనకి కొత్తగా చెప్పేదేమీ లేదన్నమాట."